నలభై ఒకటో మొలక

మార్చి 9, శనివారం

మైండర్ట్ అన్నయ్యను ఈ ఉదయం పదకొండింటికి ఇంటికి తెచ్చారు. మంచం ముందు గదిలో, వీధి కిటికీ పక్కన వేశారు. వెనక గదిలో వేయమన్నాడు, అక్కణ్ణుంచి తోట కనబడుతుందని. ఆసుపత్రి మంచం ఆ తలుపులోంచి దూరలేదు. ఇద్దరు మనుషులు అరగంట సేపు కొలిచారు. ఐదు సెంటీమీటర్లు తక్కువ.

ఇంకెంతకాలం ఉంటాడంటే డాక్టరు "వేసవి" అన్నాడు; ఇక్కడ వేసవి జూన్‌లో మొదలవుతుంది. వేసవి మొదలా, చివరా అని అడిగాను. ముప్ఫై నాలుగేళ్లు పేపర్లో పనిచేసినవాళ్లకు ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది. "మొదలనుకోండి" అన్నాడు.

వాళ్లు వెళ్లగానే అన్నయ్య అడిగిన మొదటి మాట: "నలభై ఒకటి ఎన్ని మొలిచాయి?"

వెళ్లి లెక్కపెట్టి వచ్చాను. అక్టోబరులో రెండు వందల అరవై గడ్డలు నాటాడు. రెండు వందల అరవై మొలిచాయి.

"సరిగ్గా లెక్కపెట్టావా?"

"అనుమానముంటే లేచి వెళ్లి చూసుకో."

"చావబోయేవాడితో మాట్లాడే తీరేనా ఇది, ఆల్చె?"

"అరవై ఆరేళ్లుగా ఇలాగే మాట్లాడుతున్నాను. ఇప్పుడు మారిస్తే భయపడతావు."

నవ్వాడు. నవ్వితే నొప్పి వస్తుంది. అయినా నవ్వాడు.

మార్చి 12

అన్నయ్య జీవితమంతా ఈ పూల ఉల్లి. నాలుగు మళ్లు, అంతే. ఇరవై ఒక్కేళ్ల కిందట రెండు రకాలను కలిపి విత్తనం తీశాడు. ఆ మొలకల్లో నలభై ఒకటోది ఇది. తొలి పువ్వుకు ఐదేళ్లు పట్టింది. ఒక గడ్డ రెండు కావడానికి మరో రెండేళ్లు. నడుమెత్తు కాడ, దాని మీద పసిపిల్ల తలంత తెల్లటి బంతి, బంతిలోని ప్రతి చిన్న పువ్వుకూ నల్లటి కన్ను. పేరు ఇంకా పెట్టలేదు. కొత్త రకాల కమిటీ చూసి నమోదు చేశాకే పేరంటాడు. కమిటీ జూన్ 3న వస్తుంది.

ప్రపంచంలో ఉన్న నలభై ఒకటి మొత్తం ఈ నాలుగు మళ్లలోనే ఉంది.

మార్చి 17, ఆదివారం

తెగులు మొక్కలు ఏరడానికి మళ్లలోకి దిగాను. ఎండకు వీపు పెట్టి, గొడుగు నీడలో ఆకు చూడాలి. ఎదురెండలో ప్రతి ఆకూ ఆరోగ్యంగానే కనబడుతుంది. చిన్నప్పుడు నాన్న ఇద్దరికీ నేర్పాడు. అన్నయ్య మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు.

మూడో మడి, ఆరో వరుస, ఎడమ నుంచి నాలుగోది. ఆకు పాలిపోయి ఒక పక్కకు మెలి తిరిగింది. మెడ దగ్గర ఉబ్బింది. వేలితో నొక్కితే మెత్తగా దిగింది.

ఒకటే.

లోపలికి వెళ్లేసరికి అన్నయ్య అడిగాడు.

"ఎన్ని?"

"ఏం లేవు."

"ఒక్కటీ లేదా?"

"లేదన్నానుగా."

మార్చి 18

మంచు దెబ్బ. గురువారం తెల్లవారుజామున మైనస్ మూడు ఉంది. వాతావరణ శాఖ పట్టికలో చూశాను.

మార్చి 21

ఆ మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తవ్వి తీశాను. గడ్డను అడ్డంగా కోశాను. లోపల గోధుమరంగు వలయాలు. నాలుగు ముక్కలు గాజు గ్లాసులో నీళ్లలో వేసి, రెండు గంటలాగి, అన్నయ్య భూతద్దంతో వెలుతురుకు పట్టి చూశాను. సన్నటి తెల్లటి పోగులు కదులుతున్నాయి.

గడ్డల్ని తినే నులిపురుగు అని ఖాయంగా చెప్పలేం. వంటగది ప్రయోగశాల కాదు.

నిబంధన నాకు తెలుసు. దాని మీద పదకొండు వార్తలు రాశాను. ఒక్క మొక్కలో తేలినా తనిఖీ శాఖకు చెప్పాలి. శాఖవాళ్లు వచ్చి ఆ గడ్డలన్నీ తవ్వించి తీసుకుపోతారు. జబ్బువీ, మంచివీ అన్నీ.

మిగిలినవి రెండు వందల యాభై తొమ్మిది. జూలైలో తవ్వాక నేనే వేడినీళ్లలో నాలుగు గంటలుంచుతాను. పెద్ద రైతులంతా తులిప్ గడ్డలకు అలాగే చేస్తారు. గడ్డ బతుకుతుంది, పురుగు చస్తుంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పక్కర్లేదు. అన్నయ్యకు అసలే అక్కర్లేదు.

గ్లాసు మరిగే నీళ్లతో కడిగాను.

మార్చి 29

ఇప్పటికి మొత్తం ఆరు.

ఏప్రిల్ 2

వాన. తొమ్మిదో రోజు. మళ్ల మధ్య నీళ్లు నిలిచాయి. నిలిచిన నీటిలో ఇవి ఈదుతాయని నాలుగో వార్తలో రాశాను.

పదకొండు.

అన్నయ్య బఠానీ సూపు రెండు గరిటెలు తిన్నాడు. తెగులు ఏరేటప్పుడు గొడుగు ఏ చేత్తో పట్టుకుంటున్నావని అడిగాడు. ఎడమ చేత్తో అన్నాను. "అదీ పద్ధతి" అన్నాడు. రోజూ సాయంత్రం ఒక్కో మడి గురించి అడుగుతాడు. ఆకు ఎంత పొడవు, రంగేమిటి, మొగ్గ తొడిగిందా. అడిగినంత సేపూ నొప్పి మందు గుర్తు రాదు. నర్సు పుస్తకంలో కూడా అలాగే రాసింది: సాయంత్రాలు నయం.

నేను చెప్పేవన్నీ అబద్ధాలు కావు. మొదటి మడి గురించి చెప్పేది నిజమే.

ఏప్రిల్ 9

ఫ్రౌకె ఇంటికి కాఫీకి వెళ్లాను. కాలవ మీద పలక దాటితే ఆమె పొలం. నాలుగు హెక్టార్ల పూల ఉల్లి. భర్త పోయాక ఒక్కతే చేస్తోంది. బిస్కెట్ల డబ్బా తెరిచి, ఒకటి ఇచ్చి, మూత పెట్టేసింది; ఈ ఊళ్లలో కాఫీకి ఒకటే ఆచారం.

"రెండోది అడిగితే ఏమంటావ్?" అన్నాను.

"మా అత్తగారు సమాధిలోంచి లేచి వస్తుందక్కా. నీకెందుకు ఆ గొడవ."

కప్పులు తీస్తూ అడిగింది. "మైండర్ట్ అన్న నలభై ఒకటి ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి."

"అన్నీనా? ఒక్కటి కూడా వంకర పోలేదా?"

"ఒక్కటీ లేదు. ఏం?"

"ఊరికే. నా దగ్గర ఓ మూల కొన్ని ఆకులు మెలి తిరిగాయి. పోయిన నెల కలుపుమందు కొట్టాన్లే, దాని దెబ్బయ్యుంటుంది."

"మంచు కూడా పడిందిగా" అన్నాను.

"నువ్వు చెప్పాక ఇంకేముంది. నీ వార్తల్ని మా మామగారు కత్తిరించి బైబిల్లో పెట్టుకునేవాడు."

"చేపలు చుట్టుకోలేదా?"

"చుట్టాకే."

ఇద్దరం నవ్వాం. ఇంటికి వచ్చాక చూసుకున్నాను, తోట మట్టి అంటిన రబ్బరు బూట్లతోనే వెళ్లాను.

ఏప్రిల్ 10

పంతొమ్మిది. ఫ్రౌకెది కలుపుమందు దెబ్బే. తనకు తెలియదా.

ఏప్రిల్ 24

ముప్ఫై ఎనిమిది. రెండో మడిలో కూడా.

తీసినవి నల్ల సంచీలో కట్టి, ఇంటి చెత్త డబ్బా అడుగున పెడుతున్నాను. బుధవారం పట్టుకుపోతారు. పార మరిగే నీళ్లతో కడుగుతున్నాను. ఖాళీ కనబడకుండా పక్క మొక్కల ఆకులు సర్దుతున్నాను. ఎవరికి కనబడకుండా? చూసేవాళ్లెవరూ లేరు.

ఒకసారి ఒక రైతు ఇలాగే దాచాడు. నేనే బయటపెట్టాను. మొదటి పేజీ, నాలుగు కాలమ్‌లు. ఆయన భార్య ఫోన్ చేసి ఒకటే అడిగింది: "మీకు ఇంట్లో ఎవరూ లేరా?" ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. 

మే 3

అన్నయ్య బరువు నలభై తొమ్మిది కిలోలు.

యాభై ఏడు.

మే 4

ఈరోజు తోటలోకి వెళ్లలేదు.

మే 5

వెళ్లలేదు.

మే 16

ఎనభై ఆరు తీశాను. మిగిలినవాటికి మొగ్గలొచ్చాయి.

"కమిటీవాళ్లకు కాఫీతో ఏమిస్తావ్?" అన్నాడు అన్నయ్య.

"బిస్కెట్. తలా ఒకటి."

"నా అంత్యక్రియలు కావవి. కేక్ తెప్పించు."

పేరు ఆలోచించావా అని అడిగాను. ఆలోచించాడట. చెప్పడట. "పేపర్ వాళ్లకు ముందే చెబుతామా ఎక్కడైనా?" అన్నాడు. గొంతు బాగా తగ్గింది. వంగి వినాల్సి వచ్చింది.

జూన్ 3కు పద్దెనిమిది రోజులుంది. కమిటీ మొదటి మడి చూస్తే చాలు. మొదటి మడి శుభ్రం.

మే 24

మొదటి మడిలోంచి ఒక పువ్వు కోసి తెచ్చాను. సగం విచ్చింది. పక్క మీద అతని చేతి కింద పెట్టాను. చాలాసేపు చూశాడు. ఒక్కో కన్నూ గోటితో తాకాడు. తర్వాత కాడను కింది నుంచి పైకి రెండు వేళ్లతో నొక్కుకుంటూ పోయాడు, సంతలో కొనేవాడిలా.

"గట్టిగా ఉంది" అన్నాడు. నిద్రపోయాడు.

ఈ ఒక్క రోజు కోసం చేసిందంతా సరే అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

మే 29, బుధవారం

ఉదయం ఫ్రౌకె పొలం గట్టు మీద తెల్ల వ్యాను ఆగింది. తనిఖీ శాఖది. మధ్యాహ్నం రెండింటికి ఫ్రౌకె మా తలుపు కొట్టింది. బూట్లు బయటే విప్పి, మేజోళ్లతో ముందు గదిలోకి వచ్చి, అన్నయ్య మంచం దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మైండర్ట్ అన్నా, నన్ను తిట్టు. ముందే చెబుతున్నా."

"ఏం చేశావే? మళ్లీ ట్రాక్టరు కాలవలో దించావా?"

"నువ్వు దాచమని ఇచ్చిన ఇరవై గడ్డలూ పోయాయి. నులిపురుగు. నా వరుసల్లోకీ పాకింది. హెక్టారు దాటింది. నేను ఏప్రిల్లోనే చూశాను అన్నా, ఆకు మెలి తిరగడం. నీ గడ్డల వల్లేమో అని అనుమానమొచ్చింది. నీవెలా ఉన్నాయని ఆల్చె అక్కనడిగాను. ఒక్కటీ వంకర పోలేదంది. ఒకే గడ్డలు కదా, అక్కడ శుభ్రంగా ఉంటే నావి మందు దెబ్బేలే అని వదిలేశాను. అంటే పురుగు నా నేలలోనే ఉందన్నమాట. నీ గడ్డల్ని నేనే చంపాను."

ఏడవలేదు. టోపీ చేతిలో పిండుతోంది.

కొత్త రకం తీసిన ఏ రైతూ గడ్డలన్నీ ఒకే నేలలో ఉంచడు. ఇరవయ్యో ముప్ఫయ్యో నమ్మకస్తుల నేలలో నాటిస్తాడు, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా. తన మడికి ఏమైనా అయితే అవి మిగులుతాయి. ఈ ఊళ్ల మీద ముప్ఫై నాలుగేళ్లు రాసినదాన్ని, ఈ ఆచారం మీదే రెండు వ్యాసాలు రాసినదాన్ని. అన్నయ్య కూడా రైతేనన్న సంగతి తట్టలేదు.

అన్నయ్య ఫ్రౌకె వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"ఇంటికెళ్లు, ఫ్రౌకె" అన్నాడు. "నీ నేల తప్పు కాదు. పొద్దున ఫోన్ చేస్తాను."

ఆమె వెళ్లాక అన్నయ్య అడిగాడు.

"ఎన్ని?"

"నూట పన్నెండు."

"మొదటిది ఎప్పుడు?"

"మార్చి పదిహేడు."

కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ఆ సాయంత్రం నాకు చెప్పి ఉంటే," అన్నాడు, "ఫ్రౌకెను పిలిచి ఆ ఇరవై ఆ రోజే పీకించేవాణ్ణి. పారెడు మట్టితో పోయేది."

"నీ నలభై ఒకటి పోయేది."

"ఇప్పుడేమైంది?"

 

మే 30

ఉదయం ఎనిమిదికి ఫోన్ అందించమన్నాడు. తనిఖీ శాఖకు, తర్వాత ఫ్రౌకెకు. రెండుసార్లూ ఒకే మాట చెప్పాడు. నేను గదిలోనే ఉన్నాను.

"పురుగు నా గడ్డల్లోంచే వచ్చింది. ఆల్చె మార్చిలోనే చూసి నాకు చెప్పింది. ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకున్నాను. కమిటీ వచ్చేదాకా నోరెత్తొద్దన్నాను. దాన్నేమీ అనకండి."

ఫ్రౌకె అవతల ఏమందో వినబడలేదు. 

ఫోన్ తీసుకుంటూ, "అలా జరగలేదు" అన్నాను.

"నాకు రెండు వారాలు. నువ్వు ఈ ఊళ్లో ఇంకా బతకాలి."

"ఇరవై ఏళ్ల నీ పేరు, అన్నయ్యా."

"నువ్వే కదా పాడు చేసింది. నీకే పనికి రానీ."

కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. నేను శాఖకు మళ్లీ ఫోన్ చేయలేదు. రేపు చేస్తాను.

మే 31

చేయలేదు.

జూన్ 1

అధికారి, ఇద్దరు మనుషులు, చిన్న తవ్వే యంత్రం. పువ్వులన్నీ పూర్తిగా విచ్చాయి. మొదటి మడి నిండా తెల్లగా ఉంది. ముందు కాడలు కోశారు, తర్వాత తవ్వారు, తర్వాత సంచుల్లో కట్టి ముడి వేశారు. గంటా నలభై నిమిషాలు. ముందు గదిలోకి యంత్రం చప్పుడు బాగా వినబడుతుంది.

వేడినీళ్ల సంగతి అడిగాను. ఆ దశ దాటిపోయిందన్నాడు అధికారి. మార్చిలో తెలిసి ఉంటే ఫ్రౌకె పొలంలో ఏం చేసేవారని అడిగాను.

"రెండు మీటర్ల గొయ్యి" అన్నాడు. "మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయేది."

వెళ్లేముందు అన్నయ్య ఆయన్ను లోపలికి పిలిపించాడు.

"ఎన్ని తవ్వారు?"

"నూట నలభై ఎనిమిదండి."

లెక్క వేసుకున్నాడు. నూట నలభై ఎనిమిదీ, నూట పన్నెండూ. నేను గుమ్మంలో ఉన్నాను. నన్నడగలేదు.

జూన్ 3

కమిటీని రావద్దని చెప్పడం మరిచిపోయాను. ముగ్గురు వచ్చారు. గుమ్మం దగ్గరే చెప్పాను. ముసలాయన టోపీ తీశాడు. కేక్ తెప్పించి ఉంది. ఎవరూ లోపలికి రాలేదు.

జూన్ 7

ఇప్పుడు సాయంత్రాలు ఏమీ అడగడు. నర్సు మందు పెంచింది.

జూన్ 9

పేరేమనుకున్నావని అడిగాను. గోడ వైపు తిరిగాడు.

జూన్ 13

ఉదయం ఆరూ ఇరవై.

జూన్ 18

అంత్యక్రియలు. రైతుల సంఘంలో అరవై మంది ఉన్నారు. తొమ్మిది మంది వచ్చారు. కాఫీ దగ్గర ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "చచ్చేవాడు ఒట్టు వేయించుకుంటే ఎవరు మాత్రం కాదంటారమ్మా. నీ తప్పేం లేదు." ఇంకొకామె: "నిన్నూ ఇరుకున పెట్టాడు, పాపం." థాంక్స్ చెప్పాను. ఇద్దరికీ చెప్పాను.

ఫ్రౌకె వచ్చింది. చివరి వరసలో కూర్చుంది. కాఫీకి ఆగలేదు.

జూన్ 25

ఫ్రౌకెకు రెండు పేజీల ఉత్తరం రాశాను. మార్చి 17 నుంచి మే 29 దాకా, తేదీల వారీగా. విశేషణాలు లేవు. మంచి రిపోర్టు. కవరులో పెట్టాను.

జూన్ 28

కవరు బల్ల మీద ఉంది. ఆమెకిప్పుడు ఇంకో దెబ్బ ఎందుకు? కొంచెం కుదుటపడ్డాక ఇస్తాను.

జూలై 2

పొయ్యిలో వేశాను.

జూలై 6, శనివారం

ఫ్రౌకె పొలం చుట్టూ మట్టికట్ట వేసి నీళ్లు పెట్టారు. నాలుగు హెక్టార్లు. పురుగు గాలాడక చావాలంటే ఇదే దారి. లోతు ఇరవై సెంటీమీటర్లు. కొంగ ఒకటి అప్పుడే దిగి నడుస్తోంది.

పలక దాటి వెళ్లాను. ఫ్రౌకె కట్ట మీద నిలబడి ఉంది. నీళ్ల వైపే చూస్తోంది.

"చెరువు బాగుంది కదక్కా" అంది. "బాతుల్ని పెంచుకుంటాను."

నవ్వడానికి ప్రయత్నించాను.

"ఒక్కటడగనా? కోప్పడవుగా?"

"అడుగు."

"ఆ ఏప్రిల్లో, కాఫీ రోజున. నేనడిగినప్పుడు నీకు తెలుసు. ఒట్టు వేశావు, చెప్పలేకపోయావు, సరే. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఆయనతో అన్నావా? ఫ్రౌకె అడిగింది, దానికైనా చెబుదామని? ఒక్కసారైనా అన్నావా?"

ఇంతకన్నా తేలికైన అవకాశం నాకు ఎవరూ ఇవ్వరు. నాలుగు మాటలు చాలు. ఆయనకు తెలియదు, నాకే తెలుసు.

"అన్నాను" అన్నాను. "వినలేదు."

ఫ్రౌకె నీళ్ల వైపు చూస్తూనే తలాడించింది.

"అలాంటివాడనుకోలేదు" అంది. "మా ఇంట్లో ఆయన ఫోటో ఒకటుంది, నా పెళ్లిరోజు తీసింది. తీసేస్తాను."

సెప్టెంబరు మొదటిదాకా నీళ్లు ఉంచాలట.